యోగా ఏదైనా ఒకటేనా? నా నడుము చెప్పిన సంగతి

చెన్నై టి.నగర్‌లో ఒక పట్టుచీరల షాపులో పరుపు మీద బాసింపట్టు వేసుకొని చీరలు పరిచి చూపించడం నా పని. 22 ఏళ్లుగా అదే కూర్చోవడం. కాబట్టి యోగా నాకు సగం వచ్చేసినట్టే అనుకున్నాను. నడుము పట్టేస్తే డాక్టరు స్కాన్ చూసి, "డిస్కులో గొడవేమీ లేదు, కండరాలు బిగుసుకున్నాయి, యోగా ఏదైనా చెయ్యండి" అన్నాడు. ఆ 'ఏదైనా' దగ్గరే నేను దెబ్బతిన్నాను.

ఇంటికి దగ్గరని వెస్ట్ మాంబళంలో ఒక జిమ్ మేడమీద పవర్ యోగాలో, అంటే ఆగకుండా చకచకా చేయించే రకంలో, చేరాను. చుట్టూ ఐటీ పిల్లలు, హోరున పాటలు. "అంకుల్, మీరూ వచ్చేయండి" అన్నాడు మాస్టరు. నడుము సంగతి అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలుగో రోజు పొద్దున పళ్లు తోముకోవడానికి వంగినవాణ్ణి మళ్లీ లేవలేకపోయాను. అసలే ఆడి తళ్లుపడి (తమిళ ఆడి నెల తగ్గింపు అమ్మకాలు) సీజను. వారం సెలవు పెడితే ఓనరు మొహం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

కోలుకున్నాక పానగల్ పార్కులో మెల్లగా నడుస్తుంటే (ఆ పానగల్ రాజా మన తెలుగాయనే) రోజూ కనిపించే ఒక రిటైర్డ్ టీచరమ్మ ఒక్క మాట చెప్పారు. "పేరు చూడకండి. ఆ పద్ధతి ఎవరి ఒంటి కోసం పుట్టిందో చూడండి." అప్పుడు బుర్ర వెలిగింది. ఒకరి కొలతకు కుట్టిన జాకెట్టు ఇంకొకరికి పట్టదని రోజూ కౌంటర్లో చెప్పేవాణ్ణి నేనే కదా.

ఇప్పుడు చలామణీలో ఉన్న పెద్ద పేర్లలో చాలావాటికి మూలం ఒకే గురువు, తిరుమలై కృష్ణమాచార్య. 1930లలో ఆయన మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో కుర్రాళ్లకు నేర్పారు. ఎగిరి దూకే వయసు పిల్లలు, అందుకు తగ్గట్టే చురుకైన పాఠం. ఆయన శిష్యుడు పట్టాభి జోయిస్ దగ్గర అదే అష్టాంగ విన్యాస అయింది. ఆసనాల వరుస మారదు. చాలా ఆసనాల్లో ఐదు శ్వాసలు ఉండాలి, మధ్యలో చేతుల మీద బరువు మోపి కాళ్లు వెనక్కి ఎగరేయాలి. వారానికి ఆరు రోజులు. అమావాస్యకీ పౌర్ణమికీ సెలవు. జిమ్ముల్లో కనిపించే విన్యాస ఫ్లో, పవర్ యోగా దీని పిల్లలే. అయితే అష్టాంగలోనే 'మైసూరు స్టైల్' అని ఒకటుంది. అందరూ ఒకేసారి చేయరు, ఎవరి ఊపిరితో వాళ్లు చేసుకుంటారు, గురువు ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి ఒక్కో ఆసనం కలుపుతారు. కొత్తవాళ్లకు గుంపులో పరుగెత్తడం కన్నా అది నయం.

కృష్ణమాచార్యకే ఇంకో శిష్యుడు, బావమరిది కూడా, బి.కె.ఎస్. అయ్యంగార్. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ అనుభవించిన మనిషి. పూణేలో ఆయన పెంచిన పద్ధతిలో బెల్టులు, చెక్క దిమ్మలు, కుర్చీలు, గోడకు తాళ్లు ఉంటాయి. ఒంటికి అందనిది వస్తువు సాయంతో అందుకోవాలి, అక్కడే ఎక్కువసేపు నిలబడాలి.

నేను చివరికి చేరింది ఇందులోనే. మొదటి రోజు గంటసేపు ఆరంటే ఆరు ఆసనాలు. ఇంతేనా అనుకున్నాను. మర్నాడు తొడలు జవాబు చెప్పాయి. టీచరు "మెదువా, మెదువా" (మెల్లగా, మెల్లగా) అంటూనే మోకాలిచిప్ప పైకి లాగమంటారు, పాదం అంచు నేలకు నొక్కమంటారు. నా బాసింపట్టు చూసి పిరుదుల కింద రెండు దుప్పట్లు మడిచి పెట్టారు. తుంటి బిగుసుకున్నవాడు నేల మీద కూర్చుంటే కటి వెనక్కి వాలి, నడుము గూనిగా వంగుతుందట. ఎత్తు మీద కూర్చుంటే మోకాళ్లు కిందికి దిగి వెన్ను దానంతటదే నిలబడుతుంది. 'స్థిరసుఖమాసనమ్' అన్నాడు పతంజలి. నాకు 22 ఏళ్లూ స్థిరమే ఉంది, సుఖం లేదు. ఇప్పుడు షాపులోనూ కింద దిండు వేసుకుంటున్నాను.

కృష్ణమాచార్య 1950ల మొదట్లో మన మద్రాసుకు వచ్చేశారు. ఇక్కడ ఆయన దగ్గరికి వచ్చినవాళ్లు సంసారులు, రోగులు, వయసు మళ్లినవాళ్లు. మనిషిని బట్టి పాఠం అన్న దారిని ఆయన కొడుకు దేశికాచార్ పట్టుకొని 1976లో కృష్ణమాచార్య యోగ మందిరం పెట్టారు. అది మందవెల్లిలో ఉంది. బీపీ, మోకాళ్లనొప్పి లాంటివి ఉన్నవాళ్లు, ఒక్కరే కూర్చొని నేర్చుకోవాలనుకునేవాళ్లు ఈ వైపు చూడండి.

శివానంద పద్ధతిది వేరే గూడు. పట్టులాంటి చాపలకు పేరున్న పత్తమడైలో పుట్టి, మలయాలో డాక్టరుగా పనిచేసి, రిషీకేశ్ చేరిన స్వామి శివానంద పేరు మీద నడుస్తుంది. ప్రాణాయామం, సూర్య నమస్కారాలు, 12 ఆసనాలు, మధ్యమధ్య శవాసనం. మనసు కుదుటపడాలంటే బాగుంటుంది. కాకపోతే ఆ 12లో శీర్షాసనం ఉంది. బీపీ, గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు దాని జోలికి పోకూడదు, ముందే చెప్పేయండి.

బోర్డు మీద ఉత్త 'హఠ యోగా' అని ఉంటే సాధారణంగా నిదానంగా సాగే క్లాసు అని అర్థం. యిన్ యోగాలో ఒక్కో భంగిమలో మూడు నుంచి ఐదు నిమిషాలు ఒళ్లు వదిలేసి ఉంటారు. హాట్ యోగా అంటే 40 డిగ్రీల గదిలో చేసేది. మే నెల చెన్నైలో ఫ్యాను కట్టేస్తే చాలు, దానికి ఫీజెందుకు?

చేరేముందు ఒక క్లాసు పక్కన కూర్చొని చూస్తామని అడగండి. టీచరు తను చేసి చూపిస్తూ పోతున్నారా, తిరుగుతూ మనుషుల్ని చూస్తున్నారా గమనించండి. మీ నొప్పులు, ఆపరేషన్లు, మందులు అడగకుండా చాప పరవమంటే వచ్చేయండి. నెలకే కట్టండి, ఏడాది ప్యాకేజీ వద్దు. నా డబ్బు ఆ మేడమీదే ఉండిపోయింది. భోజనం చేసి మూడు గంటలు దాటాకే వెళ్లండి. తిన్న వెంటనే వెళ్లడం అందరూ చేసే తప్పే, మా ఆవిడ రోజూ గుర్తుచేసేదీ ఇదే.

మొన్న మా షాపు కుర్రాడు "అన్నా, నాకేది మంచిది?" అన్నాడు. 23 ఏళ్లు, ఊళ్లో కబడ్డీ ఆడేవాడు, ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోలేడు. అష్టాంగకు పంపాను. ఇప్పుడు భోజనాల టైములో ఓనరు లేనప్పుడు పరుపు మీద చేతులు మోపి ఎగురుతున్నాడు. కంచిపట్టు బీరువా పక్కకు మాత్రం వెళ్లొద్దని చెప్పాను.