దసరా సెలవులకు ముందు: గొడవల ఇంట్లో పిల్లల కోసం జాగ్రత్తలు

సెలవులంటే పిల్లలందరికీ పండగే అనుకుంటాం. తండ్రి తాగొచ్చి తల్లిని కొట్టే ఇంట్లో మాత్రం ఆ కొన్ని రోజులూ పిల్లలకు బడి అనే నీడ కూడా ఉండదు. అందుకే ముందే రాస్తున్నాను.

నేను పాఠం చెప్పే రెండో తరగతిలో ఒక బాబు ఉండేవాడు. సెలవులయ్యాక వచ్చి పక్కవాడి చెయ్యి కొరికాడు, పలక విసిరాడు. అల్లరి ముదిరిందనుకున్నాం. ఒకరోజు బెంచీ దభాలున పడితే పిల్లలంతా నవ్వారు. వాడు మాత్రం చెవులు మూసుకుని నా టేబుల్ కిందికి దూరాడు. లాగు తడిసిపోయింది. వాడి ఇంట్లో ఏం జరుగుతోందో అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

దెబ్బ తమ మీద పడకపోయినా పిల్లలకు తగులుతుంది. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు, ఎవరి చెయ్యి తగిలినా తిరగబడతారు, రాత్రి నిద్ర లేక క్లాసులో తూగుతారు. కోపమొస్తే కొట్టాలని చూసి నేర్చుకుంటారు కూడా. 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా చేసిన ప్రయోగంలో, పెద్దవాళ్లు బొమ్మను కొట్టడం చూసిన పిల్లల్లో చాలామంది అలాగే కొట్టారు. గొడవల ఇళ్ల పిల్లల్లో ఇంకొందరు నోరే మెదపరు. బుద్ధిమంతులని వాళ్లను వదిలేస్తాం. నాకు వాళ్ల గురించే బెంగ ఎక్కువ.

అమ్మలూ, గొడవ మొదలైతే ఏ ఇంటికి పరుగెత్తాలో పిల్లలకు ఇప్పుడే చెప్పి ఉంచండి. మధ్యలో అడ్డం రావద్దని గట్టిగా చెప్పండి. కాస్త ఎదిగిన కొడుకు ఆగలేడు, దెబ్బలు తింటాడు. ఆధార్ కార్డులు, కొంత డబ్బు, ఒక జత బట్టలు సంచిలో పెట్టి నమ్మకమైన వాళ్లింట్లో దాచండి. అత్యవసరానికి 112, మహిళల కోసం 181, పిల్లల కోసం 1098 నంబర్లు పిల్లలకూ నోటికి రావాలి. 2005 గృహహింస చట్టం కింద, ఇల్లు వదలకుండానే కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు కోరవచ్చు.

గొడవ సద్దుమణిగాక "ఏం కాలేదులే" అనకండి. పిల్లాడు కళ్లారా చూశాడు. "ఇది నీ వల్ల కాదు నాన్నా" అనండి. పక్క తడిపితే తిట్టకుండా దుప్పటి మార్చండి.

టీచర్లకు ఒక మాట. బడి తెరిచిన మొదటి వారం బెత్తం జోలికి పోవద్దు. పిల్లాడు ఏదైనా చెబితే తండ్రిని పిలిపించి నిలదీయకండి, ఆ కోపం ఆ రాత్రి తల్లీబిడ్డల మీదే తీరుతుంది. ముందు తల్లితో విడిగా మాట్లాడండి.