కోళ్ల గూడు శుభ్రం చేసే ముందు

బర్డ్ ఫ్లూ వచ్చిందని కడప పల్లెల్లో రాగిసంగటిని, నాటుకోడి పులుసును విడదీయనక్కరలేదు. ముక్క లోపలి దాకా 70 డిగ్రీలు దాటి ఉడికితే వైరస్ బతకదు. అసలు ప్రమాదం పెరట్లో గూటి దగ్గర ఉంది. చీపురు అందుకునే ముందు ఇవి చూసుకోండి.

• కోళ్లు ఉన్నట్టుండి వరుసగా చనిపోతున్నాయా? అయితే గూడు ముట్టుకోవద్దు. చచ్చిన కోడిని ఒట్టి చేతులతో ఎత్తవద్దు, వంకలో పారేయవద్దు. పశువైద్యశాలకు చెప్పండి, లేదా పశువైద్య సాయం నంబరు 1962కు ఫోను చేయండి. దాచిపెడితే నష్టం మీకే: వ్యాధి ఆపడానికి ప్రభుత్వమే చంపించిన కోళ్లకే పరిహారం ఇస్తుంది, ముందే చచ్చిన వాటికి ఇవ్వదు.

• ఎన్95 మాస్కు, చేతి తొడుగులు, కళ్లను కప్పే గాగుల్స్, బూట్లు సిద్ధం చేసుకోండి. మన ఎండకు మాస్కు ముఖం మీద నిలవదు, పొద్దెక్కక ముందే పని ముగించండి.

• పొడిగా ఊడవవద్దు. ఎండిన రెట్ట దుమ్మై ముక్కులోకి పోతుంది. సబ్బు నీళ్లతో తడిపి గీకండి. బ్లీచింగ్ చివర్లోనే, మురికి మీద చల్లితే దండగ.

• పిల్లలు, గర్భిణులు దూరంగా ఉండాలి.

• చికెన్ దుకాణాల యజమానులకు ఒక మాట: జ్వరం వచ్చిన పనివాడికి కూలి కోయకుండా సెలవివ్వండి. కోస్తే జ్వరం సంగతి చెప్పడు.

• తర్వాత పది రోజుల్లో జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. గూడు కడిగిన సంగతి డాక్టరు అడగకపోయినా చెప్పండి.