హెలికాప్టర్ సిమ్యులేటర్, 5వ పాఠం: ముందు ట్రిమ్ సంగతి తేలాలి, దిగడం ఆ తర్వాత

పోయిన పాఠం చివర "ఇక గాల్లో నిలపండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. దాని ఫలితం మీ ట్రాక్ ఫైళ్ళలో (ఎగిరిన తీరు రికార్డయ్యే ఫైళ్ళు) కనిపిస్తూనే ఉంది. కూలినవన్నీ దాదాపు మూడు రకాలు. ముందుకీ వెనక్కీ ఉయ్యాల ఊగి ఊగి తోకతో నేలను గుద్దడం. ఎంత ఆపినా కుడివైపుకే జారిపోయి హ్యాంగర్‌కు తగలడం. అంతా కుదిరింది కదా అని ట్రిమ్ బటన్ (కర్రను ఉన్నచోటే నిలిపి ఉంచేది) నొక్కగానే ముక్కు కిందికి దిగబడిపోవడం. మొదటి రెండూ చేతికి అలవాటైతే పోతాయి. మూడోది వంద గంటలు ఎగిరినా పోదు, ఎందుకంటే దాని మూలం ఆప్షన్ల పేజీలో ఉంది. ఈ పాఠంలో దిగడం నేర్పాలి. ట్రిమ్ తేలకుండా దిగడం నేర్పినా దండగే.

మనం ఎగరేస్తున్నది ఫ్లైట్ సిమ్యులేటర్ డీసీఎస్‌లోని యూహెచ్-1హెచ్ హ్యూయీ హెలికాప్టర్. ఇంజన్ స్టార్ట్ చేయడం, రేడియో కలపడం ఇవేవీ మళ్ళీ చెప్పను.

ఉయ్యాల ఎందుకు వస్తుంది? సైక్లిక్ (రోటర్‌ను ముందుకీ వెనక్కీ పక్కలకీ వాల్చే కర్ర, మీకు జాయ్‌స్టిక్) కదిపితే ముందు రోటర్ చక్రం వాలుతుంది, దాని వెనక ఒళ్ళు వాలుతుంది, ఆ తర్వాతగానీ హెలికాప్టర్ చోటు మారదు. మీరు చోటు మారడం చూసి చెయ్యి కదుపుతున్నారు. అప్పటికే వాలు ఎక్కువైపోయి ఉంటుంది. గట్టిగా వెనక్కి లాగుతారు, అదీ ఆలస్యంగానే అందుతుంది, ఈసారి వెనక్కి దూసుకుపోతుంది. కాబట్టి చోటు చూడొద్దు, ముక్కు వాలు చూడండి. ముక్కు దిగడం మొదలైన క్షణంలో జాయ్‌స్టిక్ కొసను అర అంగుళం వెనక్కి తెచ్చి, వెంటనే అందులో సగం తిరిగి ఇచ్చేయండి. ఆ ‘ఇచ్చేయడం’ మరిచిపోయినవాళ్ళే ఊగుతున్నారు. చూపు కాక్‌పిట్ ముందున్న గడ్డి మీద కాకుండా వంద మీటర్ల అవతలి చెట్టు మీదో టవర్ మీదో ఉండాలి.

కుడికి జారడం లోపం కాదు, హ్యూయీ నైజం. దీని రోటర్ పైనుంచి చూస్తే అపసవ్యంగా తిరుగుతుంది. ఒళ్ళు సవ్యదిశలో తిరిగిపోకుండా తోక రోటర్ తోకను కుడికి నెడుతుంది. ఆ తోపుకు హెలికాప్టర్ మొత్తం కుడికి కొట్టుకుపోతుంది. సైక్లిక్ కొంచెం ఎడమకు పట్టుకుంటేనే నిలుస్తుంది, నిలిచినప్పుడు ఎడమ స్కిడ్ (నేల మీద ఆనే బద్ద) కాస్త కిందికి వేలాడుతుంది. దాన్ని సమంగా చేయబోవడమే మీ తప్పు. కలెక్టివ్ (పైకి లేపే, కిందికి దించే మీట) ఎత్తితే ఎడమ పెడల్, దించితే కుడి పెడల్. ఎంఐ-8, ఎంఐ-24 లాంటి రష్యన్ యంత్రాల్లో రోటర్ సవ్యంగా తిరుగుతుంది కాబట్టి పై మాటలన్నీ తిరగేసి చదువుకోండి. రెండింటినీ ఒకే వారంలో నేర్చుకోబోయి కాళ్ళు చెడగొట్టుకోవద్దు.

ఇప్పుడు ట్రిమ్.

అసలు హ్యూయీలో సైక్లిక్‌ను ఒక స్ప్రింగు, ఒక అయస్కాంత బ్రేకు పట్టి ఉంచుతాయి. ఫోర్స్ ట్రిమ్ బటన్ నొక్కితే బ్రేకు వదులుతుంది, కర్ర తేలికవుతుంది. బటన్ వదిలితే ఆ క్షణంలో కర్ర ఎక్కడుందో అదే కొత్త విశ్రాంతి స్థానం. పైలట్ చెయ్యి తీసినా కర్ర అక్కడే ఉంటుంది. ఇందులో హెలికాప్టర్‌ను పట్టి ఉంచే ఆటోపైలట్ ఏమీ లేదు. ట్రిమ్ పట్టి ఉంచేది కర్రను మాత్రమే. "ట్రిమ్ చేశాను, అయినా నిలవలేదు" అని ఇంకెవరూ రాయకండి.

మీ బల్ల మీది జాయ్‌స్టిక్ స్ప్రింగుకు ఈ తెలివి లేదు. అది ఎప్పుడూ నడిమధ్యకే వస్తుంది. అందుకని సిమ్ ఒక లెక్క వేస్తుంది: మీరు బటన్ వదిలినప్పుడు ఉన్న స్థానాన్ని గుర్తుపెట్టుకుని, అక్కణ్ణుంచి మీ జాయ్‌స్టిక్ కదలికను దానికి కలుపుతుంది. 60 నాట్స్‌లో (గంటకు 60 నాటికల్ మైళ్ళ వేగం) పోతూ కర్రను 20 శాతం ముందుకు పట్టారనుకోండి. ట్రిమ్ నొక్కి వదిలారు. సిమ్ 20 గుర్తుపెట్టుకుంది. మీ చెయ్యి ఇంకా 20 దగ్గరే ఉంది. 20కి 20 కలిస్తే 40. ముక్కు దబ్బున దిగుతుంది. కంగారుగా వెనక్కి లాగుతారు, కర్ర మధ్య దాటి వెనక్కి పోతుంది, ముక్కు ఆకాశానికి లేస్తుంది. ఇదీ మీ మూడో రకం ప్రమాదం. డిఫాల్ట్ పద్ధతిలో చెయ్యి మధ్యకు తెచ్చుకోవడానికి సిమ్ లిప్తకాలం గడువిస్తుంది. ఆ గడువులోపల తెచ్చుకోగలిగినవాళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు.

మందు ఇది. ఆప్షన్లలో స్పెషల్ అనే ట్యాబ్ తెరిచి, మీ హెలికాప్టర్ పేరు నొక్కి, ట్రిమ్మర్ మోడ్ దగ్గర సెంట్రల్ పొజిషన్ మోడ్ ఎంచుకోండి. ఇందులో బటన్ వదిలాక మీ జాయ్‌స్టిక్ మధ్యకు వచ్చేదాకా సిమ్ దాన్ని పట్టించుకోదు. నొక్కి, వదిలి, చెయ్యి మధ్యకు తెచ్చి, మళ్ళీ ఎగరేయండి. స్ప్రింగున్న జాయ్‌స్టిక్కులన్నిటికీ ఇదే. స్ప్రింగు తీసేసిన కర్ర ఉన్నవాళ్ళు స్ప్రింగు లేని జాయ్‌స్టిక్ అనే మోడ్ ఎంచుకోవాలి, లేకపోతే కర్ర తనంతట తాను మధ్యకు రాదు కాబట్టి నియంత్రణ చచ్చిపోయినట్టే ఉంటుంది.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. అదే పేజీలో పెడల్స్‌కి కూడా ట్రిమ్ పెట్టే గడి ఉంటుంది. మీ పెడల్స్‌కి మధ్యకు తెచ్చే స్ప్రింగు లేకుండా ఆ గడి టిక్ చేశారో, ట్రిమ్ నొక్కిన ప్రతిసారీ కాళ్ళు పనిచేయడం మానేస్తాయి. మీరేమో తోక రోటర్ పోయిందనుకుంటారు. స్ప్రింగు లేని పెడల్స్‌కు ఆ టిక్ తీసేయండి. నేనైతే స్ప్రింగు ఉన్నా తీసేసే ఉంచుతాను. ఎడమ కాలు కాసేపు నొప్పెడితే పెట్టనీ.

ఇంకా ఎక్కడ తప్పుతున్నారంటే: హోవర్‌లో (గాల్లో ఒకచోట నిలిపేటప్పుడు) కదులుతూ ఉండగానే ట్రిమ్ నొక్కుతున్నారు. అప్పుడు గుర్తుండేది నిలకడైన స్థానం కాదు, మీరు సరిదిద్దుతున్న మధ్యలో చెయ్యి ఎక్కడుందో అది. పైగా నొక్కిన ప్రతిసారీ కాసేపు కర్ర చచ్చి ఉంటుంది. పది సెకన్లలో నాలుగుసార్లు నొక్కితే నాలుగుసార్లు గుడ్డిగా ఎగిరినట్టే. హోవర్‌కు ముందు ఒక్కసారి, సమంగా పోతున్నప్పుడు ఒక్కసారి, చాలు. దిగాక ట్రిమ్ రీసెట్ చేయకపోతే తర్వాతి లేవడంలో కర్ర ముందుకే వాలి ఉంటుంది, స్కిడ్లు నేల వదలగానే ముక్కు మీద పడతారు. అనుమానం వస్తే రైట్ కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కండి. చిన్న పెట్టెలో మీ కర్ర నిజంగా ఎక్కడుందో కనిపిస్తుంది. నేల మీద ఉండగా గుర్తు నడిమధ్యన లేకపోతే లేవొద్దు. ఇవన్నీ చేసినా ట్రిమ్ పనిచేయకపోతే, ఇద్దరు పైలట్ల మధ్య పెడెస్టల్ మీది ఫోర్స్ ట్రిమ్ స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

కర్వ్‌ల (చెయ్యి కదలికకు సిమ్ ఎంత స్పందించాలో మార్చే సెట్టింగులు) గురించి ఒక మాట: పొట్టి జాయ్‌స్టిక్‌కు పిచ్‌లో, రోల్‌లో 15 దాకా పెట్టుకోవచ్చు. శాచురేషన్ వై జోలికి మాత్రం పోకండి. దాన్ని తగ్గిస్తే పెడల్ చివరిదాకా తొక్కినా సిమ్‌లో చివరికి పోదు.

ఇక దిగడం.

బటూమీ విమానాశ్రయం తీసుకోండి. కాకసస్ మ్యాప్ సిమ్‌తోపాటు ఉచితంగా వస్తుంది, బటూమీ దాదాపు సముద్రమట్టంలోనే ఉంటుంది, అందువల్ల ఆల్టీమీటర్ చూపేదే ఇంచుమించు నేల నుంచి ఎత్తు. ఇంధనం 50 శాతం, ఆయుధాలేవీ వద్దు. రాకెట్ల గొట్టాలు తగిలించుకుని నేర్చుకుంటానంటే బరువు పెరుగుతుంది, కింద చెప్పే ప్రతి తప్పూ ఇంకా తొందరగా జరుగుతుంది.

ఒక నాటికల్ మైలు దూరంలో, 500 అడుగుల ఎత్తులో, 60 నాట్స్‌తో, గాలికి ఎదురుగా మొదలెట్టండి. 60 నాట్స్ అంటే నిమిషానికి ఒక నాటికల్ మైలు. కాబట్టి నిమిషానికి 500 అడుగుల చొప్పున దిగితే సరిగ్గా చేరతారు. అదే వాలు మీద వేగం 40కి తగ్గితే దిగే వేగం 330కి తగ్గాలి, 30 నాట్స్ దగ్గర 250, 20 దగ్గర 170కి లోపు. మీలో చాలామంది వేగం తగ్గిస్తున్నారు గానీ దిగే వేగం చూపే సూది 500 మీదే ఉంచుతున్నారు. అంటే వాలు నిటారవుతోంది. అది నేరుగా, కింద చెప్పబోయే వర్టెక్స్ రింగ్‌లోకి దారి. నా నియమం ఒక్కటే: 30 నాట్స్ లోపుకు వెళ్ళేసరికి సూది 300 లోపు ఉండాలి. లేకపోతే ముక్కు దించి, వేగం అందుకుని, మళ్ళీ చుట్టు తిరిగి రండి.

వేగం తగ్గుతూ 24 నుంచి 16 నాట్స్ మధ్యకు వచ్చేసరికి, ముందుకు పోవడం వల్ల రోటర్‌కు దొరికే అదనపు లిఫ్ట్ పోతుంది. యంత్రం గడగడ వణుకుతుంది. ఆ వణుకు మామూలే, చూసి బెదిరి కలెక్టివ్ దించకండి. మీరు చేయాల్సింది దానికి ముందే మొదలవ్వాలి: 30 నాట్స్ నుంచే కలెక్టివ్‌ను కొద్దికొద్దిగా ఎత్తుతూ, ఎత్తినంత మేర ఎడమ పెడల్ తొక్కుతూ రావాలి. ఆఖర్న ఒక్కసారి లాగితే టార్క్ (ఇంజన్ రోటర్‌ను తిప్పే బలం) సూది 50 దాటుతుంది, 6600 దగ్గర ఉండాల్సిన ఇంజన్ ఆర్‌పీఎమ్ జారిపోతుంది. దాంతోపాటే తోక రోటరూ నీరసించి ముక్కు కుడికి తిరుగుతుంది. అప్పుడు ఇంకా లాగితే ఇంకా తిరుగుతుంది. వేగసూచిక సూదిని 20 నాట్స్ కింద నమ్మకండి. పక్కన నేల ఎంత తొందరగా వెనక్కి పోతోందో చూడండి. నడిచే మనిషి వేగానికి తెచ్చి, పది అడుగుల ఎత్తులో ఆపండి. రోటర్ వ్యాసం 48 అడుగులు. ఇంత కిందికి వచ్చాక నేల ఆసరా (కిందికి తోసిన గాలి నేలకు తగలడం వల్ల దొరికే అదనపు లిఫ్ట్) బాగా దొరుకుతుంది.

వర్టెక్స్ రింగ్ అంటే రోటర్ తాను కిందికి తోసిన గాలిలోకే తాను దిగడం. వేగం తక్కువ, దిగడం ఎక్కువ, కలెక్టివ్ ఎత్తి ఉండటం, మూడూ కలిస్తే వస్తుంది. దిగే సూది ఉన్నట్టుండి 1000 దాటుతుంది, కలెక్టివ్ ఎత్తేకొద్దీ ఇంకా పడుతుంది. బయటపడే పాత దారి: కలెక్టివ్ కొంచెం దించి, సైక్లిక్ ముందుకు తోసి, వేగం అందుకోవడం. దీనికి ఎత్తు చాలా ఖర్చవుతుంది. స్విస్ పైలట్ క్లోడ్ వుయిషార్ పేరుతో ఉన్న రెండో దారి హ్యూయీలో ఇలా: సైక్లిక్ కుడికి వంచండి, ముక్కు తిరగకుండా ఎడమ పెడల్ తొక్కండి, కలెక్టివ్ ఎత్తండి. మూడూ ఒకేసారి జరగాలి. తోక రోటర్ కుడికి నెట్టడం ఇక్కడ మీకే సాయం, రోటర్ ఆ సుడి పక్కనుంచి బయటికి జారుతుంది. నాకు రెండోదే ఇష్టం. వంద అడుగుల కింద మాత్రం రెండింటినీ నమ్ముకోవద్దు, అక్కడిదాకా రానివ్వకపోవడమే పని.

అభ్యాసం. మిషన్ ఎడిటర్‌లో గాలి సెకనుకు 5 మీటర్లు పెట్టండి. గాలికి ఎదురుగా పదిసార్లు, గాలి ఎడమ నుంచి పదిసార్లు, కుడి నుంచి పదిసార్లు దిగండి. ప్రతిసారీ పార్కింగ్ స్థలంలో ముందే ఎంచుకున్న ఒకే గుర్తు మీద దిగాలి. కిందికి వాలడం మొదలయ్యాక ట్రిమ్ ముట్టకూడదు. వరసగా ఏడు కుదిరితే ఆ దిక్కు అయినట్టు, ఒకటి చెడితే లెక్క ఒకటి నుంచే. ఆ తర్వాత 3000 అడుగులకు ఎక్కి, వేగం చంపేసి, కావాలనే వర్టెక్స్ రింగ్‌లో పడి, రెండు దారుల్లోనూ ఐదేసిసార్లు బయటపడండి. ప్రతిసారీ ఎంత ఎత్తు ఖర్చయిందో కాగితం మీద రాయండి. రాకెట్ల పాఠంలో ఆ అంకెలు అడుగుతాను.