టెక్సాస్ ఎ అండ్ ఎంలో మొదటి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ముందు

టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ ఉన్న కాలేజ్ స్టేషన్ ఊరికి ఈ ఏడాదే వచ్చిన మన స్టూడెంట్స్‌కి ఒక సలహా. నేరుగా మ్యాచ్‌కి పోకుండా, హోమ్ మ్యాచ్ ముందురోజు అర్ధరాత్రి యూనివర్సిటీ స్టేడియం కైల్ ఫీల్డ్‌లో, అందరూ కలిసి నినాదాలు సాధన చేసే మిడ్‌నైట్ యెల్‌కి వెళ్లండి. టికెట్ అక్కర్లేదు. ఇక్కడ చీర్‌లీడర్లు ఉండరు, నినాదాలు చెప్పించే యెల్ లీడర్లు ఉంటారు. వాళ్లు చేత్తో సైగ చేస్తే జనం అదే సైగను వరస వరసకీ వెనక్కి అందిస్తారు. ఆ తర్వాత అందరూ నడుము వంచి, మోకాళ్ల మీద చేతులు ఆనించి ఒక్కసారిగా అరుస్తారు. రెండు మూడు సార్లు చూస్తే మీకూ వచ్చేస్తుంది, మర్నాడు లక్ష మంది మధ్య తికమక ఉండదు.

మ్యాచ్ రోజు స్టూడెంట్ సెక్షన్‌లో ఆట అయ్యేదాకా నిలబడే ఉంటారు. 1922లో డాలస్ మ్యాచ్‌లో ఆటగాళ్లు గాయపడుతుంటే, ఇ. కింగ్ గిల్ అనే విద్యార్థి స్టాండ్స్‌లోంచి దిగొచ్చి, జెర్సీ వేసుకుని, అవసరమైతే ఆడతానని చివరిదాకా నిలబడ్డాడు. ఆ గౌరవంతోనే ఇప్పటికీ నిలబడతారు. నాకైతే అన్నిటికన్నా నచ్చిన సంప్రదాయం ఇదే. కాబట్టి మెత్తటి బూట్లు వేసుకోండి. సెప్టెంబర్ ఎండ మామూలుగా ఉండదు, నీళ్లు బాగా తాగండి. బ్యాగ్ లోపలిది బయటికి కనిపించే ప్లాస్టిక్‌దే తీసుకెళ్లండి.

మన టీమ్ దగ్గర బంతి ఉన్నప్పుడు గోల చేయకండి, ఆటగాళ్లకి పిలుపు వినపడాలి. బంతి అవతలి టీమ్ దగ్గరికి వెళ్లాక మాత్రం గొంతు పోయేలా అరవచ్చు. పక్కనే ఉన్న మెమోరియల్ స్టూడెంట్ సెంటర్ యుద్ధాల్లో చనిపోయిన పూర్వ విద్యార్థుల స్మారకం. లోపల టోపీ తీసేయండి, చుట్టూ ఉన్న గడ్డి తొక్కకండి.