చిత్రంలో ఆదర్శాన్ని వెతికే విధానం

కళ స్వభావరీత్యా ఆదర్శవాదమేనా, అంటే లోకం ఎలా ఉండాలో చెప్పేదేనా అన్న ప్రశ్నకు సమాధానం కావాలంటే రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒకటి, 1894లో బొంబాయిలో ప్రారంభమైన రవివర్మ ముద్రణాలయం అచ్చువేసిన లక్ష్మీదేవి పటం. రెండవది, 1943 నాటి బెంగాల్ కరవును చూసి చిత్రకారులు చిత్తప్రసాద్ గానీ జైనుల్ ఆబెదిన్ గానీ నల్ల సిరాతో గీసిన ఆకలి చిత్రం.

ముందుగా, చిత్రకారుడు దేనిని వదిలివేశాడో గమనించండి. లక్ష్మి ముఖంలో ముడత గానీ అలసట గానీ కనిపించదు కాబట్టి, అక్కడ ఆదర్శం చిత్రించిన వస్తువులోనే ఉన్నదని తేలికగా చెప్పవచ్చు. కరవు చిత్రంలో నేపథ్యం చాలావరకు తొలగిపోయి, ఎండిన దేహాలూ ఖాళీ గిన్నెలూ మిగులుతాయి. దీనిని చూసి, ఇది వట్టి వాస్తవమని తొందరపడి తీర్మానించవద్దు. ఏ గీత ఉండాలో, ఏది పోవాలో నిర్ణయించినది చిత్రకారుడి మనస్సే. మనిషి ఇలా చనిపోకూడదన్న నమ్మకం లేనివాడు ఆ పక్కటెముకలను అంత శ్రద్ధతో గీయలేడని నా దృఢాభిప్రాయం.

ఈ పరిశీలనలో ఆదర్శవాదాన్నీ, చైతన్యమే మూలమనే భావవాదాన్నీ కలపకండి. ఇంగ్లీషులో రెండింటినీ ‘ఐడియలిజం’ అనే అంటారు; తెలుగులో వీటికి వేరు వేరు మాటలుండటం మన అదృష్టం.

తరువాత, ఆ చిత్రం ఎవరికి కంటగింపైందో విచారించండి; అందులోని ఆదర్శం ఎవరిని నిలదీసిందో దానివల్ల తెలుస్తుంది. చిత్తప్రసాద్ కరవు చిత్రాల పుస్తకం ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుని తగులబెట్టింది. మీరు ఎంచుకున్న ప్రతి చిత్రానికీ ఈ రెండు ప్రశ్నలనూ ఇదే వరుసలో వేసి, వచ్చిన జవాబులను రాసి పెట్టుకోండి.