కాలిఫోర్నియాలో కత్తి పట్టబోయే తిరుపతి తమ్ముళ్లకు

పోయిన వారం బైరాగిపట్టెడ తమ్ముడొకడు ఫోన్ చేశాడు. ‘అన్నా, ఆరు వారాలు బార్బర్ షాపులో పని చేశాను, ఒక్క గంట కూడా శిక్షణ లెక్కలోకి రాదంట’ అన్నాడు. వాడి మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. మొదటి ఏడాది నేనూ అదే గుంటలో పడ్డాను మరి. కల్యాణకట్టలో గుండ్లు గీసిన ఇంట్లో పుట్టాను, నాకు లైసెన్స్ ఎందుకనుకున్నాను! ఓనరు రమ్మన్నాడు, వెళ్లాను. రెండు నెలలు గాల్లో కలిశాయి. షాపులో పని చేస్తూ నేర్చుకునేవాళ్లకిచ్చే అప్రెంటిస్ లైసెన్స్ చేతికి రాకముందు కత్తి పడితే ఇక్కడ అది తప్పే.

ఇల్లు, ఫోను సంగతి మీ బంధువులు చూసుకుంటారు. అప్రెంటిస్‌కు జీతమివ్వాలి కాబట్టి, పని చేసే అనుమతి లేనివాళ్లకు ఈ దారి లేదు.

బార్బర్ స్కూల్లో చేరితే 1,000 గంటలు, ఫీజు మనం కట్టాలి. అప్రెంటిస్ అయితే 39 గంటల ముందస్తు శిక్షణ, లైసెన్స్ వచ్చాక షాపులో రెండేళ్లలో 3,200 గంటలు. ఇంకా చాలా టైముందిలే అనుకుంటారు. వారానికి 32 గంటల లెక్కన 100 వారాలు. రెండేళ్లంటే 104. ఆ మిగిలిన నాలుగు వారాల్లోనే మీ జ్వరం, గంగజాతర, అమ్మకు బాగాలేదని తిరుపతి ప్రయాణం.

అందుకే బాబూ, గంటలు ఏ రోజువి ఆ రోజే రాయండి. నేర్పేవాడితో సంతకం అప్పటికప్పుడే పెట్టించుకోండి. నాకు నేర్పినాయన షాపు మారిపోతే, మూడు నెలల సంతకాల కోసం ఆయన వెంట బస్సుల్లో తిరిగాను. ‘రేపు పెట్టిస్తాలే అన్నా’ అనేవాడికి నేను చెప్పేదేమీ లేదు.

కొన్ని అలవాట్లు ఊర్లోనే వదిలేసి రండి. దువ్వెన కింద పడితే తొడకు తుడుచుకుని మళ్లీ తలలో పెడతాం చూడండి, అది ఇక్కడ కుదరదు. సబ్బుతో కడగాలి, క్రిములు చంపే మందునీళ్లలో పూర్తిగా ముంచాలి, లేబుల్ మీద రాసినంతసేపు ఉంచాలి. వాడినవి వేరే డబ్బాలో వేయాలి. పరీక్షలోనూ ఇది అడుగుతారు.

పరీక్ష తెలుగులో ఉండదు. అయినా టెన్షన్ వద్దులే. 2022 నుంచి ప్రాక్టికల్ తీసేశారు, రాతపరీక్ష ఒక్కటే. బ్లేడు సగానికి విరిచి, కత్తికెక్కించి, చంటిబిడ్డ తల మీద గాటు పడకుండా గీసిన చేతులు మీవి, రాయడమూ వాటికి వచ్చేస్తుంది. నాలాంటివాడే రెండోసారికి పాసయ్యాడు.

ఆ తమ్ముడికి మంగళవారం లైసెన్స్ వచ్చింది. ఒకటో గంట నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.