కాలేజీ ఫుట్‌బాల్ టీమ్ చరిత్ర రాయాలంటే: ఒక పాత గోల్‌కీపర్ చెప్పే పద్ధతి

1993 నుంచి 96 దాకా మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను కాలేజీ టీమ్‌కి గోల్‌కీపర్‌ని. నాలుగేళ్ల కింద పాత ఆటగాళ్లమంతా కలిసినప్పుడు మా జూనియర్ ఒకడు అడిగాడు: "అన్నా, మన టీమ్‌కి అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిందెవరు?" పదిహేను మందిమి ఉన్నాం, ఒక్కరికీ తెలియదు. కాలేజీకి పోయి మ్యాచ్ రిజిస్టర్ అడిగితే, గదికి సున్నం వేసినప్పుడు పాత కాగితాలతో పాటు తూకానికి పోయిందన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఒక్కో మ్యాచ్‌ని వెతికి రాసుకుంటూ వస్తున్నాను. మీ కాలేజీ టీమ్‌కి కూడా ఈ పని చేయాలనుకుంటే ఇలా మొదలుపెట్టండి.

ముందు మనుషుల దగ్గరికి కాదు, కాగితాల దగ్గరికి వెళ్లండి. చేతిలో ఏమీ లేకుండా అడిగితే అందరూ కథలు చెప్తారు. అన్నీ బాగుంటాయి, ఏది ఏ సంవత్సరానిదో తేలదు. నాకు అన్నిటికంటే పనికొచ్చినవి టీఏ డీఏ వోచర్లు, అంటే ప్రయాణం, రోజు ఖర్చుల డబ్బు తీసుకున్నట్టు ఆటగాళ్లు సంతకం పెట్టే కాగితాలు. టీమ్ లిస్టులో ఉన్నవాళ్లంతా మ్యాచ్‌కి వెళ్లారని కాదు. జ్వరం వచ్చి ఆగినవాళ్లుంటారు, పరీక్ష ఉండి మానినవాళ్లుంటారు. వోచర్ మీద సంతకం ఉంటే మాత్రం ఆ పిల్లాడు కాచిగూడ రైలు ఎక్కినట్టే. ఆడిట్ కోసం దాచే కాగితం కాబట్టి పీడీ సార్ (ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్) గదిలో కాకుండా ఆఫీసులో అకౌంట్స్ ఫైళ్లలో అడగండి. తర్వాత కాలేజీ మ్యాగజైన్‌లో వార్షిక నివేదిక, గ్రూప్ ఫోటోలు, ఇళ్లల్లో దాచుకున్న సర్టిఫికెట్లు, లైబ్రరీలో పాత పేపర్ల జిల్లా పేజీలు చూడండి. ఫోటో దొరకగానే వెనకాల పెన్సిల్‌తో వరుసగా పేర్లు రాయించుకోండి. ఆ పని వాయిదా వేయవద్దు.

మన దగ్గర ఒక చిక్కుంది. పాలమూరు యూనివర్సిటీ వచ్చింది 2008లో, నల్గొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ 2007లో. అంతకుముందు ఇక్కడి డిగ్రీ కాలేజీలు ఉస్మానియా కింద ఉండేవి. కాబట్టి "యూనివర్సిటీ టీమ్‌కి ఆడాడు" అని ఊరికే రాస్తే సరిపోదు. 1995లో ఆ మాటకు హైదరాబాద్ కాలేజీల పిల్లలతో పోటీపడి ఉస్మానియా టీమ్‌లో చోటు సంపాదించాడని అర్థం. యూనివర్సిటీ పేరు తప్పకుండా రాయండి. పేపర్లు వెతికేటప్పుడు జిల్లాలు మారిన సంగతీ మర్చిపోవద్దు. 2016 అక్టోబర్ 11 తర్వాత వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వేరే జిల్లాలయ్యాయి, 2019లో నారాయణపేట కూడా. ఆ కాలేజీలతో ఆడిన మ్యాచ్ వార్తకు ఆ జిల్లా పేజీలు కూడా చూడాలి.

సంవత్సరాన్ని 1995-96 అని విద్యా సంవత్సరంగానే రాయండి. లేకపోతే జనవరిలో ఆడిన మ్యాచ్ వేరే బ్యాచ్ ఖాతాలో పడుతుంది. పేరు పక్కన ఇంటిపేరు, గ్రూప్, ఊరు ఉండాలి. మా మూడేళ్లలోనే ముగ్గురు శ్రీనివాస్‌లు ఆడారు.

ఇక లెక్కలు. ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్నది మొదటి పేజీలోనే రాసిపెట్టుకోండి. నేను 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌ను ముందు పెట్టుకుని ఈ నియమాలు చేసుకున్నాను. హైదరాబాద్ వాడైన రహీం సాబ్ కోచ్‌గా మన దేశం నాలుగో స్థానంలో నిలిచిన ఒలింపిక్స్ అది. మొదటి రౌండ్‌లో హంగరీ రాలేదు, మనకు వాకోవర్. అది టీమ్ ముందుకు పోవడానికి పనికొచ్చింది కానీ ఎవరి ఖాతాలోనూ మ్యాచ్ కాదు. ఆడినవి మూడే: ఆస్ట్రేలియా మీద 4-2తో గెలుపు, యుగోస్లావియా చేతిలో 1-4, బల్గేరియా చేతిలో 0-3. కొట్టినవి ఐదు, పడినవి తొమ్మిది. ఆ ఐదులో నాలుగు నెవిల్ డిసౌజావే, ఆస్ట్రేలియా మీద హ్యాట్రిక్‌తో కలిపి. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇప్పటికీ అదే మంచి ఫలితం. ఐదు, తొమ్మిది అన్న అంకెలు మాత్రమే చూసినవాడికి ఆ సంగతి తెలియదు. అందుకే పట్టికతో పాటు ఆ మ్యాచ్‌లో ఏం జరిగిందో కూడా రాయాలి.

టై బ్రేకర్‌లో, అంటే స్కోర్ సమమైనప్పుడు గెలుపు తేల్చడానికి చివర్లో వేసే పెనాల్టీల్లో, కొట్టిన గోల్స్ ఆటగాడి మొత్తంలో కలపకూడదు, విడిగా రాయాలి. సెల్ఫ్ గోల్‌ని ఫార్వర్డ్ పేరు మీద వేయకూడదు. ఒకే రోజు చాలా మ్యాచ్‌లు పెట్టాల్సి వచ్చి తక్కువ నిమిషాలు ఆడిస్తే, ఆ నిమిషాలు రాయండి. తెలియని చోట సున్నా వేయవద్దు, గీత పెట్టండి. సున్నా అంటే కొట్టలేదని, గీత అంటే తెలియదని. ఈ రెంటికీ తేడా చూపకపోతే ఒక మనిషికి అన్యాయం చేసినట్టే.

గోల్స్ లెక్క ఎవరైనా రాస్తారు. డిఫెండర్ల గురించే నా పట్టుదల. ఒక స్టాపర్ (గోల్ ముందు మధ్యలో నిలబడే డిఫెండర్) మూడేళ్లు ఆడి ఒక్క గోల్ కూడా కొట్టకపోతే పట్టికలో అతని వరుస ఖాళీగా కనిపిస్తుంది. కాబట్టి మొదటి పదకొండు మందిలో ఎన్నిసార్లు దిగాడు, ఎన్ని నిమిషాలు ఆడాడు, అతను ఉండగా గోల్ పడని మ్యాచ్‌లు ఎన్ని, కార్డులు ఎన్ని అన్న గడులు పెట్టండి. సెకండ్ హాఫ్‌లో దిగిన గోల్‌కీపర్ మీద ఫస్ట్ హాఫ్ గోల్స్ వేయవద్దు. పాస్ ఎవరిచ్చారన్నది పాత మ్యాచ్‌లకు తేలదు, ఊహించి నింపవద్దు.

కాగితాలయ్యాక మనుషులు. ఒక్కొక్కరినీ విడిగా కలవండి. పదిమంది ముందు అడిగితే గట్టిగా మాట్లాడేవాడి జ్ఞాపకమే అందరిదీ అవుతుంది. "ఏం జరిగింది" అని అడగకండి, "అప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావు" అని అడగండి. కాగితంలో దొరికింది నీలి పెన్‌తో, నోటిమాట పెన్సిల్‌తో రాయండి. ఇంకో ఇద్దరు విడివిడిగా అదే మాట చెప్పాకే దాన్ని పెన్‌తో దిద్దండి.

ఉస్మానియా గ్రౌండ్‌లో టై బ్రేకర్ దాకా పోయిన మ్యాచ్‌లో నేను రెండు పెనాల్టీలు ఆపానని మావాళ్లు ముప్పై ఏళ్లుగా చెప్తున్నారు. నేనూ అదే నమ్మాను. జడ్చర్లలో మా లెఫ్ట్ బ్యాక్ ఇంటికి పోయి అడిగితే, రెండో బంతి ఇనుప పోల్‌కి తగిలిన చప్పుడు తనకు ఇప్పటికీ వినిపిస్తుందన్నాడు. ఆ మ్యాచ్ ఆడిన ఇంకో ఇద్దరిని విడివిడిగా అడిగాను, వాళ్లూ పోల్ అనే అన్నారు. మనసుకు కష్టమైంది, కానీ రిజిస్టర్‌లో నా పేరు పక్కన ఒకటే రాశాను.

రిజిస్టర్ పూర్తయ్యేదాకా ఆగకుండా ఏడాదికోసారి జిరాక్స్ తీసి ఒక కాపీ లైబ్రరీలో ఇవ్వండి. వాళ్ల రిజిస్టర్‌లో ఎక్కించి నంబర్ వేయించండి. నంబర్ ఉన్న పుస్తకం తూకానికి పోవడం అంత సులువు కాదు.

మా రైట్ వింగర్ సెకండియర్ మధ్యలో ఇంట్లోవాళ్లతో పుణెకి వలసపోయాడు. డిగ్రీ పూర్తి చేయలేదు కాబట్టి కాలేజీ పాత విద్యార్థుల జాబితాలో అతని పేరు లేదు. వోచర్ల మీద మాత్రం నాలుగు సంతకాలున్నాయి, పచ్చ సిరాతో. గోల్స్ గడిలో ఇప్పటికి గీతే ఉంది. దేవరకద్ర వైపు వాళ్ల ఊళ్లో పెద్దనాన్న ఉన్నాడని తెలిసింది. ఈ ఆదివారం పోతున్నాను.